లినక్స్ లాప్‌టాప్‌కు విశ్వవిద్యాలయ సురక్షిత వై-ఫై: అనుసంధాన విధానం, జాగ్రత్తలు

సరిహద్దు గ్రామాల విద్యార్థులకు ఉన్నత విద్య కొండకు ఆవలి వైపునే దగ్గరగా దొరుకుతున్నది. సాలూరు నుండి ఘాట్ రోడ్డు ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ దాటితే సునాబేడ వస్తుంది. 2009లో కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టం కింద ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నది. పార్వతీపురం వైపు వారికి రాయగడ, పాతపట్నం వైపు వారికి గుణుపురం చేరువ. గుణుపురంలో 1997లో ఇంజనీరింగ్ కళాశాలగా ఆరంభమైన జి.ఐ.ఇ.టి. 2018లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది.

నేడు ఫీజు చెల్లింపు, పరీక్ష దరఖాస్తు, ఉపకార వేతనం, ఫలితాలు అన్నీ అంతర్జాలం ద్వారానే జరుగుతున్నాయి. పాత లాప్‌టాప్ కొని, ఖర్చు లేని లినక్స్ వేయించుకునే కుటుంబాలు ఉన్నాయి. ఇంటి వద్ద ఫోను హాట్‌స్పాట్‌తో చక్కగా పనిచేసిన యంత్రం ప్రాంగణంలో మొరాయించినప్పుడు, లినక్స్ పనికిరాదని నిరాశ పడేవారు కొందరు. తోచిన మీటలన్నీ నొక్కి పాస్‌వర్డ్‌ను ప్రమాదంలో పడేసేవారు మరికొందరు. రెండూ అనవసరమే.

ఇంటి వై-ఫైకీ, ప్రాంగణ వై-ఫైకీ భేదం

ఇంటి వై-ఫైకి ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది. ఇంటిల్లిపాదికీ అదే తాళంచెవి. వేలమంది ఉండే ప్రాంగణంలో ఈ పద్ధతి చెల్లదు. ఒకరు బయటకు చెబితే తాళం ఊరంతటికీ తెరుచుకుంటుంది. అందుచేత పెద్ద సంస్థలలో ప్రతి విద్యార్థికీ వేర్వేరు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ పద్ధతిని వాడతారు. దీనికి మూలమైన 802.1ఎక్స్ ప్రమాణం 2001లోను, డబ్ల్యుపిఎ2 అనే భద్రతా విధానం 2004లోను వచ్చాయి. విద్యార్థి వివరాలను రేడియస్ అనే సర్వర్ సరిచూసిన తరువాతనే ప్రవేశం లభిస్తుంది.

విద్యాసంస్థల మధ్య ఎడ్యురోమ్ అనే ఉమ్మడి ఏర్పాటు కూడా ఉన్నది. ఐరోపాలో మొదలై నేడు వందకు పైగా దేశాలకు విస్తరించిన ఈ సేవను భారతదేశంలో ఎర్నెట్ ఇండియా నిర్వహిస్తున్నది. సభ్య సంస్థ విద్యార్థి మరొక సభ్య సంస్థకు వెళ్లినా తన సొంత యూజర్ పేరుతోనే వై-ఫై పొందగలడు. ఏ సంస్థ ఏ పద్ధతి పాటిస్తున్నదో దాని కంప్యూటర్ కేంద్రం నుండే తెలుసుకోవాలి.

ముందుగా సేకరించవలసిన వివరాలు

1. నెట్‌వర్క్ అసలు పేరు.
2. యూజర్ పేరు రాయవలసిన తీరు. కొన్ని చోట్ల రోల్ నంబరు చాలు. ఎడ్యురోమ్‌లో దాని వెనుక సంస్థ డొమైన్ పేరు కూడా ఉండాలి.
3. ధ్రువీకరణ విధానం: పీప్ లేదా టిటిఎల్‌ఎస్.
4. లోపలి ధ్రువీకరణ: ఎంఎస్‌చాప్ వి2 లేదా పాప్.
5. సర్వర్ ధ్రువపత్రం ఎవరు జారీ చేసినది. సంస్థ సొంతానిదైతే ఆ ఫైలు.
6. సర్వర్ డొమైన్ పేరు.

చివరి రెండూ అడగనిదే చాలా చోట్ల చెప్పరు. అవే ముఖ్యమైనవి.

అనుసంధాన క్రమం

ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ మొదలైన ప్రముఖ లినక్స్ రకాలలో ఈ పనిని నెట్‌వర్క్ మేనేజర్ చూస్తుంది. సెట్టింగ్స్‌లో వై-ఫై విభాగం తెరచి నెట్‌వర్క్ పేరును ఎంచుకోగానే ఒక పత్రం వస్తుంది. సెక్యూరిటీ గడిలో ఎంటర్‌ప్రైజ్ అని ఉన్నదో లేదో చూడాలి. ఆథెంటికేషన్ వద్ద సాధారణంగా పీప్ ఎంచుకోవాలి. అనానిమస్ ఐడెంటిటీ గడిని సంస్థ చెబితేనే నింపాలి. డొమైన్ గడిలో సర్వర్ డొమైన్ పేరు రాయాలి. సిఎ సర్టిఫికెట్ వద్ద సంస్థ ఇచ్చిన ఫైలును చూపాలి. ధ్రువపత్రం బహిరంగ సంస్థ జారీ చేసినదైతే లినక్స్‌లో ముందే ఉన్న ధ్రువపత్రాల సంపుటిని చూపవచ్చు. పీప్ వెర్షన్‌ను ఆటోమేటిక్‌గా వదలి, లోపలి ధ్రువీకరణలో ఎంఎస్‌చాప్ వి2 ఎంచుకొని, యూజర్ పేరు, పాస్‌వర్డ్ నింపి కనెక్ట్ నొక్కాలి.

ఎడ్యురోమ్ సంస్థలలో క్యాట్ అనే సాధనం ఈ గడులన్నిటినీ తానే నింపుతుంది. దానిని దించుకోవడానికి అంతర్జాలం కావాలి గనుక ఇంటి వద్దనే, ఫోను సాయంతో సిద్ధం చేసుకొని బయలుదేరడం మేలు.

ధ్రువపత్రం వద్దనడం ఎందుకు ప్రమాదం

ఆ పత్రంలోనే సిఎ సర్టిఫికెట్ అవసరం లేదు అనే చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే వెంటనే కనెక్ట్ అవుతుందని స్నేహితులు సలహా ఇస్తారు. కనెక్ట్ అయ్యే మాట నిజమే. కాని బస్సుకు ఏ ఊరి బోర్డయినా తగిలించవచ్చు. అలాగే వై-ఫైకి ఏ పేరయినా పెట్టవచ్చు. ప్రాంగణం పేరుతోనే నకిలీ వై-ఫై పెట్టిన వ్యక్తి ఎదురైతే, ధ్రువపత్రం చూడని లాప్‌టాప్ అతని సర్వర్‌తోనే మాట్లాడుతుంది. పాప్ పద్ధతిలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్లు చేతికి చిక్కుతుంది. ఎంఎస్‌చాప్ వి2లో దాని సాంకేతిక రూపం చిక్కుతుంది. దానిని ఒక రోజు లోపలే ఛేదించవచ్చునని 2012లోనే అమెరికాలో జరిగిన డెఫ్‌కాన్ సభలో నిరూపించారు. ఈ కారణం చేతనే 2020 చివరి నుండి ఆండ్రాయిడ్ ఫోన్లలో ధ్రువీకరణ వద్దు అనే ఎంపికను తొలగించడం ఆరంభమైంది.

అదే పాస్‌వర్డ్‌తో ఫీజుల ఖాతా, ఫలితాల పుట, ఈ-మెయిల్ కూడా తెరుచుకుంటే నష్టం వై-ఫైతో ఆగదు. సిఎ సర్టిఫికెట్, డొమైన్ రెండూ నింపినప్పుడే రక్షణ పూర్తి. బహిరంగ సంస్థ ధ్రువపత్రాన్ని తన డొమైన్ కోసం ఎవరైనా పొందగలరు గనుక, డొమైన్ గడిని ఖాళీగా వదలితే మొదటిది ఉన్నా ప్రయోజనం స్వల్పమే.

ఎదురయ్యే చిక్కులు

వై-ఫై గుర్తే కనిపించకపోతే వైర్‌లెస్ చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ లేదని అనుమానించాలి. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌లతో ఇది తరచు జరుగుతుంది. ఫోనును యుఎస్‌బి తీగతో కలిపి దాని డేటాతో ఫర్మ్‌వేర్ దించుకోవచ్చు. 2023లో వెలువడిన డెబియన్ 12 మొదలు ఇది ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నది.

పాత లాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సరైన ధ్రువపత్రం కూడా చెల్లనిదిగా తోస్తుంది. పాస్‌వర్డ్‌ను అనుమానించే ముందు గడియారం చూడాలి.

2022లో వచ్చిన ఉబుంటు 22.04 నుండి పాత గూఢలిపి విధానాలను వ్యవస్థ తిరస్కరిస్తున్నది. ప్రాంగణ సర్వర్ పాతదైతే వివరాలన్నీ సరిగా ఉన్నా ప్రవేశం దొరకదు. లాప్‌టాప్ భద్రతను తగ్గించుకొనే కన్న కంప్యూటర్ కేంద్రానికి తెలపడమే సరైన మార్గం.

కొన్ని సంస్థలు లాప్‌టాప్ మ్యాక్ చిరునామాను కూడా నమోదు చేస్తాయి. అటువంటి చోట ఐడెంటిటీ పుటలోని క్లోన్డ్ అడ్రస్ గడిలో పర్మనెంట్ అని ఉంచాలి. లేకపోతే యంత్రం వేరొక చిరునామా చూపవచ్చు.

ఒకే లాప్‌టాప్‌ను పలువురు వాడే ఇళ్లలో

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే యంత్రం పంచుకునే ఇళ్లలో ఎవరి లాగిన్ వారికి వేరుగా ఉండాలి. పాస్‌వర్డ్ గడి పక్కనున్న గుర్తు నొక్కితే ఈ యూజరుకు మాత్రమే దాచు, అందరికీ దాచు, ప్రతిసారీ అడుగు అనే ఎంపికలు వస్తాయి. అందరికీ అని దాచినది యంత్రంలో మామూలు అక్షరాలలోనే ఉంటుంది. అడ్మిన్ అధికారం ఉన్న ఎవరైనా చదవగలరు. యంత్రాన్ని మరమ్మతుకు ఇచ్చే ముందు, అమ్మే ముందు ఆ కనెక్షన్‌ను ఫర్గెట్ నొక్కి తొలగించాలి. పాస్‌వర్డ్ బయటపడిందనే అనుమానం కలిగితే, వేరొక నమ్మకమైన కనెక్షన్ నుండి ఆ రోజే మార్చుకొని కంప్యూటర్ కేంద్రానికి తెలియజేయాలి.