కుట్టు మిషనుకు ఎడమచేయి

సూది లేస్తోంది, దిగుతోంది. బాబిన్ దారం పైదారాన్ని అందుకుంటోంది. గుడ్డ మాత్రం కదలదు. కుట్లన్నీ ఒకేచోట పడి, అడుగున దారం ఉండకట్టి, చివరికి మిషనే బిగుసుకుపోతుంది. ఇంట్లో కుట్టు మిషను ఉన్నవాళ్ళకు కొత్తది కాని తంటా ఇది. సూది బాగానే ఆడుతోంది కాబట్టి మిషను బాగానే ఉందనీ, గుడ్డ లాగకపోవడం పైపై లోపమనీ అనుకుంటాం. కుట్టు మిషను పుట్టిన తీరు చూస్తే ఈ అంచనా తలకిందులైనదని తెలుస్తుంది. సూదిని యంత్రానికి అప్పగించడం ముందే సాధ్యమైంది. గుడ్డను నడపడం దగ్గరే పని ఏళ్ళ తరబడి ఆగిపోయింది, అది తేలాకే మిషను ఇళ్ళలోకి వచ్చింది.

చేత్తో కుట్టేటప్పుడు రెండు చేతులూ పనిచేస్తాయి. కుడిచేయి సూదిని గుచ్చి లాగుతుంది. ఎడమచేయి గుడ్డను బిగువుగా పట్టి, కుట్టు కుట్టుకీ పిసరంత జరుపుతుంది, వంపు వచ్చినచోట తిప్పుతుంది, ముడత పడకుండా సర్దుతుంది. కంటికి ఆనేది కుడిచేతి పనే. తొలి యంత్రాలు చేసినవాళ్ళూ ముందు దాన్నే పట్టుకున్నారు. 1846 సెప్టెంబరు 10న అమెరికాలో పేటెంటు పొందిన ఎలియాస్ హోవ్ మిషనులో మొన దగ్గర బెజ్జమున్న సూది ఉంది, షటిల్ ఉంది, రెండు దారాలు పెనవేసుకునే గట్టి కుట్టు ఉంది. అంటే కుడిచేయి దాదాపు పూర్తయింది. ఎడమచేతి బదులు ఆయన పెట్టింది ములుకులున్న ఒక లోహపు పట్టీ. గుడ్డను దానికి గుచ్చి నిలువుగా వేలాడదీయాలి. పట్టీ కొసకు రాగానే మిషను ఆపి, గుడ్డ ఊడదీసి, పట్టీని వెనక్కి జరిపి మళ్ళీ గుచ్చాలి. పైగా కుట్టు తిన్నగానే పోతుంది. రవికె చంక వంపునో మెడ గుండ్రాన్నో తలుచుకుంటే చాలు, ఇది ఎంత పెద్ద లోటో అర్థమవుతుంది.

1845లో బోస్టన్‌లో హోవ్ తన మిషనుతో అయిదుగురు కుట్టుపనివాళ్ళతో పోటీపడి గెలిచిన సంగతి ప్రసిద్ధమే. ఒక్కొక్కరూ ఒక్కో కుట్టు ముగించేలోపే ఆయన అయిదు ముగించాడు. అయినా మిషనులు అమ్ముడుపోలేదు. ధర ఎక్కువ కాబట్టీ, తమ బతుకుతెరువు పోతుందని దర్జీలు భయపడ్డారు కాబట్టీ అంటారు. ఆ రెండూ నిజమే, కాదనను. కానీ 1850లలో సింగర్ మిషను కూడా నూరు డాలర్లు దాటిన ఖరీదైన వస్తువే, దర్జీల భయమూ అప్పటికి పోలేదు. అయినా ఆ మిషను అమ్ముడుపోయింది. ఆ పోటీలో కుట్టించినవి తిన్నటి కుట్లన్నది గమనించాలి. హోవ్ గెలిచింది ఆయన మిషను చేయగలిగిన ఒక్క పనిలోనే, బట్ట మొత్తం కుట్టడంలో కాదు.

1849లో జాన్ బాచెల్డర్ ములుకుల పట్టీని కొసలేని బెల్టుగా మార్చి, గుడ్డను బల్లమీద పడుకోబెట్టాడు. దాంతో మాటిమాటికీ ఆపి గుచ్చే బాధ పోయింది. 1851లో సింగర్ గరుకు చక్రం పెట్టాడు. ఆలెన్ విల్సన్ అనే చెక్కసామాన్ల పనివాడు 1850లో పళ్ళపట్టీని ముందుకూ వెనక్కూ ఆడించాడు. పళ్ళు వెనక్కి జారేటప్పుడు గుడ్డ వాటితో పోకుండా దిగి ఉన్న సూదే పట్టి ఉంచేది. ఆయనే 1854 డిసెంబరు 19న అసలు జవాబు పేటెంటు చేశాడు. పళ్ళు పైకి లేస్తాయి, గుడ్డను జరుపుతాయి, కిందికి దిగుతాయి, గుడ్డను తాకకుండా మొదటి చోటికి వస్తాయి. ఇందులో గొప్పతనమంతా ఆ దిగడంలో ఉంది. పళ్ళు వదిలిన ఆ క్షణంలో గుడ్డ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. మనిషి ఎడమచేయి కూడా పట్టడమెంతో వదలడమూ అంతే ఎరిగినది.

సింగర్ చక్రంతోనే వ్యాపారం సాగింది కదా, విల్సన్‌కు ఇంత పెద్దపీట ఎందుకని అడగవచ్చు. సాగింది, నిజమే. కానీ చక్రం గుడ్డను ఎప్పుడూ పూర్తిగా వదలదు. తర్వాత్తర్వాత ఇళ్ళలోకి వచ్చిన మిషనులు పట్టుకున్నది విల్సన్ మార్గాన్నే, 1930లలో కలకత్తాలో మొదలైన ఉషాతో సహా. గుడ్డను నడపడమే కీలకమని పేటెంట్ల చరిత్రా చెబుతోంది. 1856లో హోవ్, మరో మూడు కంపెనీలు తమ పేటెంట్లను ఒక్కచోట చేర్చి, ఇతరుల దగ్గర మిషనుకింత అని వసూలు చేశాయి. హోవ్ పేటెంటు 1867లో ముగిసినా ఆ కూటమి చెదరలేదు. గడువు పొడిగిస్తూ వచ్చిన బాచెల్డర్ పేటెంటు 1877లో తీరాకే అది అంతమైంది. అలాంటి పొడిగింపుల్లో పలుకుబడి పాత్ర ఉంటుంది, ఒప్పుకుంటాను. విలువలేని దానికోసం మాత్రం ఎవరూ పలుకుబడి ఖర్చుపెట్టరు.

ఇవాళ గుడ్డ నడవనప్పుడు వెతకాల్సినచోట్లన్నీ విల్సన్ చూపినవే. లేవడం చెడిందా అంటే సూది ప్లేటు విప్పి చూడాలి. పళ్ళ సందుల్లో దూది, పొట్టు అట్టకట్టి ఉంటే అవి ప్లేటు పైకి రావు. వచ్చినా, రావాల్సిన మిల్లీమీటరు ఎత్తు రావు. ఎంబ్రాయిడరీ కోసం పళ్ళను కిందికి దించి, తిరిగి లేపడం మరిచిపోవడమూ మామూలే. జరపడం ఆగిందా అంటే కుట్టు పొడవు మార్చే లీవరు చూడాలి. అది సున్నా దగ్గరుంటే పళ్ళు లేచి దిగుతాయే గాని ముందుకు పోవు. ఈ రెండూ సరిగ్గా ఉంటే ప్రెజర్ ఫుట్ దించారో లేదో, దాని స్ప్రింగు వదులైందేమో చూడాలి, పైనుంచి అదుము లేకపోతే పళ్ళకు గుడ్డ దొరకదు. ఇవేవీ చూడకుండా చేత్తో వెనకనుంచి గుడ్డను లాగితే సూది వంగి, మొన ప్లేటుకు తగిలి విరుగుతుంది.