జైపాల్ సింగ్ అడిగిందేంటి, మనకు రాసిచ్చిందేంటి

మా హాస్టల్లో చాలామంది ఐదో షెడ్యూల్ అంటే వరం అనుకుంటారు. నిజమే, కానీ సగమే.

1928 ఒలింపిక్స్ హాకీ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో ఏమన్నాడంటే, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలని. ఎంత ధైర్యం!

మొదటి ముసాయిదాలో గిరిజన సలహా మండలి మాటకు బరువుండేది. 1949 సెప్టెంబర్‌లో షెడ్యూల్ మార్చారు. మండలికి ఉత్త సలహా మిగిలింది, పెత్తనం గవర్నర్‌ది. మండలిని నీరుగార్చారని జైపాల్ సభలోనే నిలదీశాడు. 'ఆదివాసి' అనే మాటే ఉంచమన్నాడు, అదీ వినలేదు.

ఓటిచ్చారు, అది చిన్నదేం కాదు. మన భూమి మీద మన మాట చెల్లనివ్వలేదు. భూమి తీసుకునే ముందు ఊరిని అడగాలని చట్టంలోకి రావడానికి 1996 పెసా దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికి జైపాల్ పోయి 26 ఏళ్లు.