నేల తరం

ఉద్దానం అనగానే కొబ్బరి, జీడిమామిడి, పనస మనసులో మెదులుతాయి. ఉద్యానవనమే ఉద్దానమయిందని పెద్దల మాట. అంతటి పచ్చదనాన్నీ మోస్తున్నది చాలామటుకు ఇసుకనేల. వెనుకటి సర్కారు లెక్కలు అటువంటి నేలకు విలువ ఎలా కట్టేవో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

1936లో ఒరిస్సా ఏర్పడేవరకు ఇచ్ఛాపురం గంజాం జిల్లాలోనిది. మద్రాసు ప్రభుత్వం 1858లో సెటిల్మెంటు శాఖను నెలకొల్పింది. ఆ శాఖవారు రైతువారీ గ్రామాలలోని నేలను ఒండ్రు, రేగడి, ఎర్రనేల, ఇసుక వంటి శ్రేణులుగా విభజించారు. బంకమట్టి ఎంత, ఇసుక ఎంత అని చూసి తరగతులు చేశారు. ఆపైన మేలురకం మొదలు నాసిరకం దాకా తరాలు కట్టారు. ఎకరానికి పండే ధాన్యాన్ని అంచనా వేసి, సగటు ధరకు వెలకట్టి, సాగు ఖర్చులు తీసివేసి, మిగిలినదానిలో సగాన్ని శిస్తుకు ప్రమాణంగా పెట్టుకున్నారు. మందస వంటి జమీందారీల సంగతి వేరు. అక్కడ పేష్కషు శాశ్వతంగా నిర్ణయమైపోయింది గనుక, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం తరువాతనే ప్రభుత్వపు సెటిల్మెంటు వచ్చింది.

ఈ పద్ధతిలో శ్రద్ధ ఉన్నది, శ్రమ ఉన్నది. కాని కొలబద్ద ధాన్యం. పల్లానికి వరి, మెట్టకు చోళ్ళవంటి పంటలు. బాహుదా ఒడ్డున ఒండ్రుపొలానికి అది చక్కగా సరిపోతుంది. తీరపు ఇసుక మాత్రం ఆ తూకంలో తేలిపోక తప్పదు. వానినీరు అందులో నిలవదు, సారం నిలవదు. అయితే వరికి చేటయిన ఆ గుణమే చెట్టుకు మేలు. వేళ్ళకు గాలి ఆడుతుంది, నీరు ఊరక మురగదు, కిందికి దిగిన వాన లోతు తక్కువలోనే తియ్యని జలమై దొరుకుతుంది. ఈ సంగతి గ్రహించి తోట వేసిన రైతు నేలను మరొక కొలతతో కొలిచాడన్నమాట.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఆ తోటలను నేలకూల్చింది. మర్నాడు మట్టిని పరీక్షిస్తే దాని తరం మారి ఉండదు. పోయినది దానిపై ఏళ్ళ తరబడి నిలబెట్టిన చాకిరీ. 2015లో మొదలైన భూసార పత్రం నత్రజని, ఉదజని సూచిక మొదలుకొని 12 అంశాలు చెబుతుంది. అవి అవసరమే. కాని ఏ పంటకోసం అడుగుతున్నామో తెలియనిదే నేల మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆ జవాబు రాబట్టడానికి ఉద్దానంలో కొన్ని తరాలు పట్టింది. ఇవి రికార్డులకెక్కని తరాలు.

మీ ఊరి మట్టిని మీ పెద్దలు ఏయే పేర్లతో పిలిచేవారు? వీలైతే అడిగి రాసి ఉంచండి. ఆ పేర్లలో కూడా ఒక సెటిల్మెంటు లెక్క దాగి ఉంటుంది.