పంతులమ్మ ఎవరి కింద?

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఏ స్టాఫ్‌రూంలో కూర్చున్నా ఈమధ్య ఒకటే మాట వినిపిస్తోంది: "మీకింక ఎన్నేండ్ల సర్వీసుంది?" రిటైరవుతున్నవాళ్లను అదృష్టవంతులంటున్నారు. నిన్నమొన్న డీఎస్సీలో వచ్చిన పిల్లలు కూడా అట్లాగే మాట్లాడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. జీతాలు బాగానే ఉన్నాయి గదా, ఇంకేం తక్కువైందని ఊళ్లో అడుగుతారు. ఈ బాధ జీతంతో మొదలు కాలేదు. నాకు తెలిసినంతవరకు దాని మొదలు షాద్‌నగర్లో ఉంది.

1959 అక్టోబరులో నెహ్రూ వచ్చి మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించింది అక్కడే. అప్పుడది మా మహబూబ్‌నగర్ జిల్లా. అంతకు ముందు 1936లో అదే ఊళ్లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. ఇంకా ముందు, 1931లో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన దేవరకొండలో జరిగింది. ఉర్దూ చదువుల రాజ్యంలో, సొంతంగా బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో, పిల్లలకు తెలుగులో చదువు చెప్పండని అడిగిన మహాసభ అది. బడి కోసం అంతగా మొత్తుకున్న జిల్లాలివి. 1948 తర్వాత తెలుగు బడులు వచ్చినప్పుడు పంతులును నెత్తిన పెట్టుకున్నారు.

1959తో పల్లెల్లోని ప్రాథమిక బడులు చాలావరకు పంచాయతీ సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వెళ్లాయి. ఊరి బడి మీద ఊరికి హక్కుండాలన్నది మంచి ఆలోచనే, ఇప్పటికీ అదే అంటాను. కాని సమితి ప్రెసిడెంటు చేతికి అన్నిటికన్నా ముందు అందింది పంతులు బదిలీ. ఎన్నికల్లో అవతలివాళ్లతో మాట్లాడాడని కృష్ణ ఒడ్డుకో, నల్లమల అంచుకో పంపిన కథలు మా సీనియర్లు ఎన్నో చెప్పేవారు.

నేను 1985లో చేరాను. మమ్మల్ని 398 టీచర్లనేవాళ్లు. ఎన్టీ రామారావు ప్రభుత్వం స్పెషల్ టీచర్ల పేరుతో నెలకు 398 రూపాయలకు పెట్టుకున్న మనుషులం. స్కేలు తర్వాత వచ్చింది. ఆ తొలి కాలాన్ని లెక్కలోకి తీసుకొని నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వమని దశాబ్దాల తరబడి తిరిగాం. నాతో చేరినవాళ్లలో కొందరు ఆ కాగితం చూడకుండానే పోయారు.

నాకిచ్చింది అచ్చంపేట దిక్కు ఒక తండా. ఒకటే గది, ఐదు తరగతులు, నేనొక్కదాన్నే. పిల్లలకు ఇంట్లో మాట్లాడే లంబాడీ భాష గోర్‌మాటి తప్ప తెలుగు రాదు. ముందు నేను వాళ్ల దగ్గర నేర్చుకొని, ఆ తర్వాతే వాళ్లకు అఆలు మొదలుపెట్టాను. ఒకటో తరగతికి పలకల మీద దిద్దబెట్టి, ఐదో తరగతికి భాగహారం ఇచ్చి, మూడో తరగతితో పాఠం చదివించేదాన్ని. ఆ పనికి నేను ఎన్నడూ అలసిపోలేదు. లెక్కల కాగితం ఇయ్యమని ఆఫీసు నుంచి కబురొస్తేనే గుండెలో రాయి పడేది. నేను పోతే బడికి తాళం. మర్నాడు తండాలో "పంతులమ్మ నిన్న రాలే" అనేవాళ్లు. ఎవరు పిలిస్తే పోయానో వాళ్లకేం తెలుసు? పండుగ దాటగానే తల్లిదండ్రులు బొంబాయికి, పుణెకు వలస పోయేవాళ్లు. సగం మంది పిల్లలు వెంట వెళ్లేవాళ్లు. రిజిస్టర్లో వాళ్ల గైర్హాజరుకు సంజాయిషీ నేనే రాయాలి. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, అప్పటి 23 జిల్లాల్లో ఆఖరు. ఆ అంకె వచ్చినప్పుడు కూడా అందరూ మా దిక్కే చూశారు.

సమితులు పోయి మండలాలొచ్చాయి. నిజాం కాలం నుంచి సర్కారులోనే ఉన్న బడుల టీచర్లు ఒక యాజమాన్యం, మేము మండల, జిల్లా పరిషత్తుల కింద ఇంకొకటి. పక్కపక్క బడుల్లో ఒకే పాఠం చెప్తాం, పదోన్నతి కాడికి వస్తే కోర్టుకెక్కుతాం. రెండు యాజమాన్యాలకూ ఒకటే అనే ఏకీకృత సర్వీసు రూల్స్‌కు 2017లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, మిఠాయిలు పంచుకున్నాం. 2018లో హైకోర్టు కొట్టేసింది. ఈ గొడవ తేలక ఎంఈవో (మండల విద్యాధికారి) కుర్చీలు ఏళ్లకేళ్లు ఇన్‌చార్జీలతోనే నడిచాయి. ఒక హెడ్మాస్టరు తన బడి చూసుకోవాలా, రెండు మూడు మండలాలు తిరగాలా?

2016 అక్టోబరులో జిల్లాలు ముక్కలయ్యాయి. 2021 డిసెంబరులో టీచర్లను ఆ కొత్త జిల్లాలకు పంచే జీవో 317 వచ్చింది. సీనియారిటీ జాబితా ముందర పెట్టి, వెనుకున్నవాళ్లను మిగిలిన జిల్లాకు శాశ్వతంగా కేటాయించారు. సొంత జిల్లా అని డీఎస్సీ రాసి గెలిచిన పిల్ల, ఇక సర్వీసంతా పరాయి జిల్లా మనిషి. మొగుడొక జిల్లా, పెళ్లాం ఒక జిల్లా అయిన ఇండ్లు నాకెన్నో తెలుసు.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్ను వాడొద్దంది. 2024 నవంబరులో ఇంటింటి కులగణనకు పంపిన టీచర్లలో ఎక్కువమంది ఎస్జీటీలే (సెకండరీ గ్రేడ్ టీచర్లు), ప్రాథమిక బడులు ఒంటిపూట నడిపి. కులాల లెక్క తేలాల్సిందే, నేను కాదనను. ఆ మధ్యాహ్నాలు మాత్రం పేదపిల్లలవే పోయాయి. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, యూడైస్ వివరాలు, ఫోన్లో ముఖం చూపించి హాజరు వేయడం అయ్యాక పాఠం. జూన్‌లో బడిబాటకు గడపగడపకూ పోతే "మీ పిల్లలు ఏ బడిల సదువుతున్నరు మేడం?" అని అడుగుతారు. నా బిడ్డ జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివింది కాబట్టి తలెత్తి చెప్పగలిగాను. ఆ ప్రశ్నకు తల వంచుకునే తోటివాళ్లను చూశాను.

ఇప్పుడు టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లంతా రెండేళ్లలో పాస్ కావాలంది. మన రాష్ట్రంలో టెట్ పుట్టిందే 2011లో. అంతకు ముందు డీఎస్సీలు రాసి, వేలమందికి అక్షరం నేర్పినవాళ్లు యాభయ్యేళ్లకు గైడ్లు కొనుక్కుంటున్నారు. వీళ్లకు మినహాయింపు ఇయ్యడానికి చట్టం మార్చాలి, అది ఢిల్లీ పని. ప్రతి మండలానికి పూర్తికాలపు ఎంఈవోను ఇయ్యడం, సర్వేలకు వేరే మనుషులను పెట్టడం, ఏ తండా బడికైనా ఇద్దరు టీచర్లకు తక్కువ కాకుండా చూడడం మాత్రం హైదరాబాద్‌లోనే చేయొచ్చు.