స్పైనా బైఫిడా

గర్భంలో శిశువు వెన్నెముక వెనుకభాగం పూర్తిగా మూసుకోకుండా ఉండిపోయే పుట్టుక లోపం స్పైనా బైఫిడా. ఎక్కువగా నడుము దిగువన కనిపిస్తుంది. మెదడు, వెన్నుపాము ఏర్పడే నాడీనాళానికి వచ్చే లోపాల్లో ఇదొకటి. ఆ నాళం పైచివర మూసుకోకపోతే అనెన్‌కెఫలీ వస్తుంది. ఆ బిడ్డ బతకదు.

పిండం వీపున పలకలా పరుచుకున్న కణాల అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి అతుక్కుని గొట్టంగా మారతాయి. ఫలదీకరణ జరిగిన 28వ రోజుకల్లా ఈ పని ముగిసిపోతుంది. నెలసరి లెక్కలో అది ఆరో వారం, అంటే నెల తప్పి రెండు వారాలు. 'ఇంకో వారం చూసి డాక్టరు దగ్గరికి వెళ్దాం' అనుకునే సమయమే అది. ఈ లోపం నివారణలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది.

మూడు రకాల్లో తేలికైనది అకల్టా. వెన్నుపూస ఎముకలో చిన్న ఖాళీ తప్ప మరే ఇబ్బందీ ఉండదు. నడుంనొప్పికి తీసిన ఎక్స్‌రే రిపోర్టులో ఈ పేరు చూసి కంగారుపడేవాళ్లున్నారు. నూటికి పదిమందికి పైగా ఉండే ఈ తేడాకు సాధారణంగా చికిత్స అక్కర్లేదు. అయితే నడుం మీద కుచ్చులా వెంట్రుకలో, గుంటో, కొవ్వుగడ్డో ఉంటే మాత్రం ఎమ్మారై తీయించాలి. రెండోదైన మెనింగోసీల్‌లో వెన్నుపాము పొరలు మాత్రమే నీటి సంచిలా బయటికి వస్తాయి. మూడోది మైలోమెనింగోసీల్. అందులో వెన్నుపాము, నరాలు కూడా బయటపడతాయి. మామూలుగా స్పైనా బైఫిడా అన్నప్పుడు వైద్యులు ఉద్దేశించేది దీన్నే.

అలాంటి బిడ్డ పుట్టగానే బోర్లా పడుకోబెడతారు. సంచి మీద సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ కప్పి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ పొర చుడతారు. రెండు మూడు రోజుల్లోపే ఆపరేషన్ చేసి మూసేస్తారు. దాంతో ఇన్ఫెక్షన్ ముప్పు తగ్గుతుంది కానీ అప్పటికే దెబ్బతిన్న నరాలు తిరిగి రావు. లోపం వీపున ఎంత పైన ఉంటే కాళ్ల బలం అంత తగ్గుతుంది. స్పర్శ లేని పాదానికి గాయమైనా, కాలినా బిడ్డకు తెలియదు. రోజూ అరికాళ్లు చూడటం ఇంట్లోవాళ్ల పని.

చాలామందిలో తలలో నీరు చేరుతుంది. చర్మం కింద చెవి వెనక నుంచి పొట్టలోకి దిగే సన్నని గొట్టం, అంటే షంట్, ఆ నీటిని దించుతుంది. అమెరికాలో జాన్ హోల్టర్ అనే సాంకేతిక నిపుణుడు ఈ జబ్బుతోనే పుట్టిన తన కొడుకు కోసం 1956లో షంట్‌కు కవాటం తయారుచేశాడు. తలనొప్పి, వాంతులు, మగత వస్తే షంట్ మూసుకుపోయిందేమో వెంటనే చూపించాలి.

బయటికి కనిపించేది కాళ్ల సమస్య అయితే, కిడ్నీలను మెల్లగా తినేసేది మూత్రాశయం. నరాలు దెబ్బతిని మూత్రం పూర్తిగా పోకపోతే ఒత్తిడి కిడ్నీల మీద పడుతుంది. కొన్ని గంటలకోసారి సన్నని గొట్టంతో మూత్రం తీసే పద్ధతిని 1972లో జాక్ లాపిడిస్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఎదిగిన పిల్లలు ఈ పని తామే చేసుకుంటారు. బడిలో శుభ్రమైన, గడియ ఉన్న మరుగుదొడ్డి లేకపోతే ఆ పిల్లల చదువు అక్కడే ఆగిపోవచ్చు.

ఈ లోపాన్ని 18-20 వారాల్లో చేసే టిఫా స్కాన్‌లో చాలావరకు పట్టుకోవచ్చు. కొన్ని కేంద్రాల్లో 26 వారాలలోపే గర్భంలోని శిశువుకు ఆపరేషన్ చేస్తున్నారు. 2011లో వెలువడిన అమెరికా పరిశోధనలో ఇలా చేసినప్పుడు ఏడాదిలోపు షంట్ అవసరం 82 శాతం నుంచి 40 శాతానికి తగ్గింది. నెలలు నిండకముందే కాన్పు కావడం, తల్లి గర్భాశయం మీద కోత మచ్చ మిగలడం దీనికి చెల్లించే మూల్యం.

కారణం ఒక్కటి కాదు. జన్యువులు, తల్లి మధుమేహం, ఊబకాయం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మందు (దాన్ని సొంతంగా ఆపేయకూడదు), అన్నిటికీ మించి ఫోలేట్ అనే విటమిన్ లోటు. గర్భిణి గ్రహణం చూడటానికీ దీనికీ సంబంధం లేదు. ఫోలేట్ మాత్ర రూపమైన ఫోలిక్ యాసిడ్ వాడినా కొందరు బిడ్డలకు ఇది వస్తుంది కాబట్టి తల్లిని నిందించడం అన్యాయం.

గర్భిణుల రక్తహీనతను తగ్గించే ఆహారపదార్థమొకటి ఉందని బొంబాయిలో పనిచేసిన పరిశోధకురాలు లూసీ విల్స్ 1931లో చూపింది. దాన్నే తర్వాత ఫోలేట్‌గా గుర్తించారు. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వెన్నెముక లోపాన్ని అది నివారిస్తుందని గట్టిగా తేలింది 1991లో: అంతకుముందు ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీలు రోజుకు 4 మిల్లీగ్రాములు వాడితే మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది.

మిగతావాళ్లలో చాలామందికి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా. మన దగ్గర గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రల్లోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, కానీ అవి మొదలయ్యేది నాలుగో నెలలో. నాళం మూసుకోవాల్సిన గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోతుంది. తోటకూర, పాలకూర, శనగలు మంచివే. ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులో చాలా ఫోలేట్ పోతుంది. అమెరికా 1998 నుంచి ధాన్యపు పిండిలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేసింది. మన ఫోర్టిఫైడ్ బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములే. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా 50 మైక్రోగ్రాములు దాటదు. ఫోర్టిఫైడ్ బియ్యం తింటున్నాం కదా అని మాత్ర మానేయడానికి లేదు.