నల్లమల తూర్పు అంచున చలికాలపు చిన్న యాత్ర

నల్లమల తూర్పు అంచు అంటే ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి కొసన మైదానం అయిపోయి కొండ మొదలయ్యే చోటు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం ఈ అంచు వెంబడి ఉన్న ఊళ్లు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు జిల్లా నుంచి తీసి ఇందులో కలిపారు. పేరుకు కోస్తా జిల్లాయే గాని ఇక్కడి నేల, పంట, కరువు అన్నీ రాయలసీమవే. ఈ ఊళ్లకు పడమట నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, దానికి దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉన్నాయి. మొదటిదాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్లింది. చలికాలంలో రెండు మూడు రోజులు చిక్కించుకుని ఇటు వచ్చేవాళ్లలో కొందరు పులి కోసం వస్తారు, ఎక్కువమంది శ్రీశైలం వెళ్తూ దారిలో అడవి కూడా చూసినట్టుంటుందని వస్తారు. రెండు రకాలవాళ్లూ సగం అసంతృప్తితో తిరిగి వెళ్లడానికి కారణం ఒకటే. ఈ ఎండునేలలో యాత్రను నీటి జాడను బట్టి, అడవి గేట్లు తెరిచి మూసే వేళలను బట్టి వేసుకోవాలి. పులి, దర్శనం ఆ లెక్కలో ఇమిడితే ఇముడుతాయి, లేకపోతే లేదు.

ఇది ఎడారి పార్కులకు వెళ్లే పద్ధతి కదా, నల్లమలకు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే చోటును ఎడారి అంటారు. ప్రకాశం జిల్లా సగటు 800 మిల్లీమీటర్ల పైమాటే. కాబట్టి శాస్త్రం ప్రకారం ఇది ఎడారి కాదు, ఆకురాల్చే ఎండు అడవి. అయినా జైసల్మేర్ దగ్గరి డెజర్ట్ నేషనల్ పార్కుకు గాని, అమెరికాలోని డెత్ వ్యాలీకి గాని జనం చలికాలంలోనే ఎందుకు వెళ్తారో చూస్తే పోలిక తెలుస్తుంది. 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైన డెత్ వ్యాలీలో వేసవి ప్రయాణం ప్రాణాల మీదికి తెస్తుంది. మార్కాపురం అంత దూరం పోదు గాని, మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. పలకల గనుల నల్లరాయి పగలంతా కాగి రాత్రి కూడా సెగలు కక్కుతుంది. వేడి కాలాన్ని నిర్ణయిస్తుంది, నీరు చోటును నిర్ణయిస్తుంది. ఈ రెండు సూత్రాలూ ఎడారికీ ఎండు అడవికీ సమానం. పడమటి ప్రకాశంలో బోర్లు ఎంత లోతుకు దించినా నీళ్లు పడని ఊళ్లు, పడ్డ నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి. దోర్నాల దగ్గర కొండను తొలిచి శ్రీశైలం జలాశయం నీళ్లు తేవడానికి వెలిగొండ సొరంగాలు తవ్వవలసి వచ్చిందంటేనే ఇక్కడ నీటి విలువేమిటో తెలుస్తుంది.

అయితే రాజస్థాన్ చలికాలానికీ ఇక్కడి చలికాలానికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ నవంబరు వచ్చేసరికి ఆకాశం కడిగినట్టుంటుంది. ఇక్కడ నవంబరంటే ఈశాన్య రుతుపవనాల కాలం, తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో వాగులు పొంగితే అడవి బాటల మీద జీపు కదలదు. అందుకే శీతాకాలమంతా ఒకటే అనుకోకూడదు. అభయారణ్యంలో సందర్శన జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆపేస్తారు. అక్టోబరులో గేట్లు తెరుస్తారు గాని అప్పుడు వానలు, ఆ వెంటే కార్తీకమాసపు రద్దీ. సంక్రాంతి వారంలో పట్నాల నుంచి సొంతూళ్లకు వచ్చేవాళ్లతో బస్సులు కిటకిటలాడతాయి. మహాశివరాత్రికి పది రోజుల ముందునుంచే శ్రీశైలం దారులు కాలినడక భక్తులతో నిండిపోతాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది డిసెంబరు రెండో సగం, సంక్రాంతి దాటాక శివరాత్రి రద్దీ మొదలయ్యే దాకా ఉన్న రోజులు. ఈ కొద్దిపాటి కాలంలో రాత్రి చలి పదిహేను డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది, మిట్టమధ్యాహ్నం కూడా నడవవచ్చు, వాగుల్లో నీళ్లు ఇంకా కదులుతుంటాయి.

ఇక గేట్ల సంగతి. దోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు పులుల అడవి మధ్యనుంచి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా ఆ దారిన వాహనాలను వదలరు. వన్యప్రాణులు రోడ్డు దాటే వేళ అదే కాబట్టి ఈ నియమం సబబే. కాని విజయవాడ నుంచి సాయంత్రం బయలుదేరి, రాత్రికి కొండెక్కి, మర్నాడు అడవి చూసి దిగుదామని లెక్క వేసుకున్నవాళ్లు దోర్నాల చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతారు. జనవరి మొదట్లో ఇక్కడ పొద్దు ఆరూ నలభై ప్రాంతంలో పొడిచి, ఆరు కాకముందే గుంకుతుంది. చేతిలో ఉండే వెలుగు పదకొండు గంటలు. అందులో ఘాట్ రోడ్డు రానూపోనూ మూడు నాలుగు గంటలు తినేస్తుంది. దోర్నాల వైపు, గిద్దలూరు వైపు రెండూ ఒకే యాత్రలో చుట్టేద్దామనుకోవడం వల్లే చాలామంది అడవిని కారు కిటికీ లోంచి తప్ప చూడలేకపోతారు. రెండు రోజులుంటే ఒక వైపే ఎంచుకోవాలి. దోర్నాల వైపైతే తుమ్మలబయలు దగ్గర అటవీశాఖ నడిపే జీపు సఫారీ ఉంది. ఇష్టకామేశ్వరి గుడికి అనుమతి ఉన్న జీపుల్లోనే పోవాలి, ఆ అనుమతి ఎప్పుడూ ఉంటుందని నమ్ముకోకూడదు.

తొలిసారి వచ్చేవాళ్లకు గిద్దలూరు వైపే మేలు. అది చాలామంది ఒప్పుకోని మాట, శ్రీశైలం పేరు ముందు గిద్దలూరు పేరు ఎక్కడ నిలుస్తుంది గనుక. కాని నీటి జాడ పట్టుకుని పోవాలనుకుంటే గుండ్లకమ్మను మించిన దారి లేదు. గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గరి కొండల్లో పుట్టిన ఈ ఏరు అడవిలోంచి దిగుతూ నెమలిగుండ్ల దగ్గర బండల మధ్యనుంచి దూకి మడుగు కడుతుంది. అక్కడి రంగనాయకస్వామి గుడికి భక్తులు వెళ్లేది శనివారాల్లో. కాబట్టి యాత్రలో శనివారం పడేట్టు చూసుకోవాలి, జనం తక్కువగా ఉండాలంటే పొద్దున్నే చేరాలి. అక్కడినుంచి మైదానానికి వచ్చిన గుండ్లకమ్మ జంపలేరుతో పాటు కంభం చెరువులో చేరుతుంది. రెండు కొండల మధ్య సందులో కట్ట వేసి ఏటినే చెరువుగా మార్చిన పని ఇది. విజయనగర కాలంలో గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. కట్ట మీద నిలబడి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూడాలి. ఒకవైపు కొండల నీడ పడ్డ నీళ్లు, రెండోవైపు ఆ నీళ్ల మీద బతికే పొలాలు. వానలు ముఖం చాటేసిన ఏడాది చెరువు అడుగు కంపచెట్లతో, నెర్రెలు బారిన బురదతో కనిపిస్తుంది. అప్పుడు కూడా చూడదగ్గదే. ఎండు అడవికీ ఎండు సేద్యానికీ ఉన్న లంకె నిండుచెరువు కంటే ఎండిన చెరువు దగ్గరే బాగా బోధపడుతుంది.

పులిని చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే రావాలని అడవి ఎరిగినవాళ్లు చెప్పే మాటలో నిజముంది. వేసవిలో వాగులెండిపోయాక అటవీశాఖ సాసర్ పిట్లనే నీటి తొట్లకు ట్యాంకర్లతో, సోలార్ మోటార్లతో నీళ్లు పెడుతుంది. జంతువులన్నీ ఆ కాసిని నీళ్ల దగ్గరికే వస్తాయి, ఆకు రాలిపోయి ఉంటుంది కాబట్టి దూరం నుంచే కనిపిస్తాయి. చలికాలంలో నీళ్లు ఎక్కడపడితే అక్కడ దొరకడంతో దుప్పులు, కణుతులు, వాటి వెంట పులి చెదిరిపోయి ఉంటాయి. ఇంతవరకు వాళ్ల వాదన సరే. కాని 2022 జాతీయ గణనలో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి తేలిన పులులు 63. వేల చదరపు కిలోమీటర్ల కొండకోనల్లో అవి ఉన్నాయంటే, రెండు రోజుల అతిథికి వేసవిలో అయినా కనిపించే అవకాశం సన్నమే. ఆ సన్నటి ఆశ కోసం వడగాడ్పులను భరించాలి, ఫిబ్రవరి నుంచి మొదలయ్యే కార్చిచ్చుల వల్ల దారులు మూసేస్తే ఒప్పుకోవాలి. చలికాలం ఇచ్చేది వేరే రకం చూపు. వాగు ఒడ్డున తడి ఇసుక మీద రాత్రి నడిచిన జంతువు జాడ పొద్దుటి మంచుకు చెదరకుండా ఉంటుంది. వేళ్ల ముందు గోళ్ల గుర్తులుంటే అది కుక్కజాతిది, రేచుకుక్క కావచ్చు. గోళ్లు పడకుండా, మడమ వెనకంచు మూడు గుండ్రాలుగా పడితే పిల్లిజాతిది. అరచేతికి మించి ఉంటే పెద్దపులిది, అంతకంటే బాగా చిన్నదైతే చిరుతది. పక్కనే చీలిన గిట్టల వరస ఉంటే కణుతో దుప్పో నీళ్లకు వచ్చిందన్నమాట. ఎగిస, మద్ది, తునికి, వెదురు ఇంకా ఆకుతో ఉంటాయి, ఫిబ్రవరిలో మోదుగ పూస్తుంది, బెట్లుడుత కొమ్మ నుంచి కొమ్మకు దూకడం ఎండ పెరగకముందే చూడాలి. ఇవి పులికి ప్రత్యామ్నాయాలని చెప్పడం లేదు. అడవిలో పులి ఎలా బతుకుతుందో తెలిపే ఆధారాలు ఇవే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: అసలు పులుల అడవిలోకి యాత్రికులెందుకు, దాని మానాన దాన్ని వదిలేస్తే పోలేదా అని. దీనికి జవాబు చెప్పేముందు ఒక సంగతి గుర్తించాలి. నల్లమల ఎన్నడూ మనుషులు లేని అడవి కాదు. చెంచులు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. తేనె, దుంపలు, చిల్లర అటవీ ఫలసాయం మీద బతికినవాళ్లు. వాళ్ల కోసం శ్రీశైలం కేంద్రంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) 1976 నుంచి పనిచేస్తోంది. నెక్కంటి, పాలుట్ల వంటి గూడేలు నేటికీ అడవి లోపలే ఉన్నాయి. బేస్ క్యాంపుల్లో కాపలా కాసే ప్రొటెక్షన్ వాచర్లలో చాలామంది చెంచులే. జాడ చూసి జంతువును చెప్పగల విద్య వాళ్లది. ఇక అడవికి బరువు అనుకుంటే, లెక్కపెట్టి పంపే సఫారీ జీపుల కంటే శ్రీశైలం రోడ్డు మీద రోజూ తిరిగే వాహనాలు, దారి పొడవునా పడే ప్లాస్టిక్ సంచులు, కోతులకు విసిరే తిండి ఎక్కువ బరువు. అలాగని సఫారీ నిరపాయమని వాదించనక్కర్లేదు. జీపుల సంఖ్య పెంచాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, అలా పెంచితే ఆ అభ్యంతరమే నిజమవుతుంది. చిన్న గుంపుగా, పగటిపూట, స్థానిక మార్గదర్శిని వెంటబెట్టుకుని, చెత్త తిరిగి తెచ్చుకునే యాత్రికుడి వల్ల అడవికి నష్టం తక్కువ, గూడేనికి ఎంతో కొంత కూలి.

అడవి గేటు దాటకుండానే నల్లమలను అడ్డంగా దాటే మార్గం ఒకటుంది, అది గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం. మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర బండి కొండల్లోకి చొరబడుతుంది, చెలమ, గాజులపల్లి మీదుగా నంద్యాల వైపు దిగుతుంది. 1880ల్లో ఈ దారిని మీటర్‌గేజిగా వేసినప్పుడు దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన కట్టారు, బొగద దగ్గర సొరంగం తొలిచారు. 1990ల్లో బ్రాడ్‌గేజిగా మార్చేటప్పుడు దారి మళ్లించడంతో ఆ పాత వంతెన వాడకంలోంచి పోయింది. పగటిపూట నడిచే బండి చూసుకుని గిద్దలూరులో ఎక్కితే, టికెట్టు ఖర్చుతో ఎండు అడవి పొరలన్నీ వరసగా కనిపిస్తాయి. పిల్లలు, వయసు మళ్లినవాళ్లు ఉన్న కుటుంబానికి జీపు కుదుపుల కంటే ఇదే హాయి. గిద్దలూరు–నంద్యాల రోడ్డు మీద పచ్చర్ల దగ్గర అటవీశాఖ జంగిల్ క్యాంపు ఉంది, అక్కడ బస దొరికేట్టయితే వచ్చే దారి రైలు, పోయే దారి రోడ్డు పెట్టుకోవచ్చు.

మూడో రోజు మిగిలినవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి దక్షిణంగా సీఎస్ పురం మండలంలోని భైరవకోన. కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. పులుల అభయారణ్యం గేట్లతో పని లేదు కాబట్టి పొద్దు చూసుకోవలసిన తొందర తక్కువ. జనవరి దాటితే జలపాతం సన్నగిల్లుతుంది, అందువల్ల డిసెంబరులో వచ్చినవాళ్లు దీన్ని ముందు పెట్టుకోవాలి. రెండోది నంద్యాల దాటి రోళ్లపాడు. ఎడారి పార్కు అన్న మాటకు తెలుగునేల మీద దగ్గరగా వచ్చేది నిజానికి ఇదే, జైసల్మేర్‌లో కాపాడుతున్న బట్టమేక పక్షి కోసమే 1988లో ఈ గడ్డినేలను అభయారణ్యం చేశారు. వైశాల్యం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. చుట్టూ పొలాలు, కాలువలు పెరిగిన కొద్దీ బట్టమేక కరువైపోయింది. ఆ పక్షి మీద ఆశ పెట్టుకుని వెళ్లేవాళ్లకు ముందే చెప్పడం న్యాయం: అది కనిపించకపోవచ్చు, కృష్ణజింకల గుంపులు మాత్రం పొద్దున, సాయంత్రం గడ్డిలో మేస్తూ కనిపిస్తాయి.