పెంపుడు కుక్కలు – చిన్న వేట

విజయనగర స్థాపనమును గూర్చిన కథ వినని తెలుగువారుండరు. తుంగభద్రా తీరమున రాజు వేటాడుచుండగా ఒక కుందేలు పరుగు మాని, వెనుకకు తిరిగి, తరుముకొని వచ్చిన వేటకుక్కలనే కరచినదట. ఇచ్చట నగరము కట్టుమని ముని యొకడు చెప్పగా రాజట్లే చేసెనట. 16వ శతాబ్దిలో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఈ కథను వ్రాసియుంచెను. 1411లో అహమ్మదాబాదును స్థాపించిన అహమ్మద్ షాను గూర్చియు ఇట్టి కథనే చెప్పుదురు. కుక్కపై కుందేలు తిరుగబడుట వింత గనుకనే కథయైనది. కుక్క కుందేటిని పట్టుట నిత్యము జరుగునది గనుక ఎవరును వ్రాసిపెట్టలేదు.

ఆ వ్రాసిపెట్టని వేటను గూర్చియే మేమిచ్చట నాలుగు మాటలు చెప్పదలచితిమి. హైదరాబాదులోని యూసుఫ్‌గూడ వంటి పేటలో, తెల్లవారి గొలుసు విప్పిన పెంపుడు కుక్క గోడవారనుండి ఉడుతపిల్లను నోట కరచుకొని వచ్చుట పలువురు చూచినదే. కొందరు దానిని కొట్టుదురు. కొందరు మంచి వేటకుక్కయని ముచ్చటపడుదురు. పళ్ళెము నిండ అన్నము పెట్టుచుండగా దీనికీ బుద్ధి ఏల పుట్టెనని అడుగువారే ఎక్కువ. ఈ ప్రశ్నకు జవాబు కొంత చరిత్రలో నున్నది.

కుక్క మనిషి పంచను చేరి 14,000 ఏండ్లకు తక్కువ కాలేదు. మచ్చికయైన జంతువులలో ఇదియే మొదటిది. మనము దానిచేత తరతరములుగ చేయించిన పనులలో ముఖ్యమైనవి రెండు: ఒకటి కావలి, రెండవది వేట. ఈ రెండవ పనికి మన పూర్వులిచ్చిన గౌరవము సామాన్యమైనది కాదు. నేటి కర్ణాటకములో మండ్య జిల్లా ఆతకూరున క్రీ. శ. 949-50 నాటి శాసన మొకటి దొరికినది. గంగరాజగు బూతుగుడు మణలేరుడను యోధుని పరాక్రమమునకు మెచ్చి వరము కోరుకొమ్మనగా, అతడు రాజుగారి కాళి యను వేటకుక్కను కోరుకొనెను. తరువాత ఆ కుక్క ఒక అడవిపందితో పోరాడగా రెండును మడిసినవి. కుక్క పేర శిల నిలిపి, భూమిని దానమిచ్చిరి. ఆ శిల బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. మన పెద్దనయు మనుచరిత్రమున స్వరోచి వేటను వర్ణించుచు వేటకుక్కలను మరువలేదు.

రాజుల వేట యట్లుండగా, సామాన్యుల ఇండ్లలోని కుక్క చిన్న వేటకు అక్కరకు వచ్చినది. కొల్లేటి ప్రాంతమున జోనంగి యను కుక్కజాతి కలదు. పొట్టి వెండ్రుకలును, ముడుతలు పడిన ముఖమును దాని గుర్తులు, మొఱుగుట తక్కువ. బాతులను మేపువారు తమ మందలను కాచుటకు దీనిని పెంచిరి. చిన్న వేటకును దీనినే వాడిరి. ఒకే కుక్క బాతును నొప్పింపక కాచుటయు, అడవి జంతువును పట్టుటయు గమనింపదగిన విషయము. ఏది ముట్టవలెనో, ఏది ముట్టరాదో దానికి నేర్పినవాడు యజమాని.

యూసుఫ్‌గూడకు చేరువలోని బంజారా కొండలకు ఆ పేరు లంబాడీల వలన వచ్చినది. ఎద్దులపై ధాన్యమును, ఉప్పును వేసికొని దక్కనునందంతట తిరిగిన ఆ బిడారుల వెంట కుక్కలును నడిచెడివి. బంజారా పేరు గల వేటకుక్క జాతియు ఒకటి కలదు. దారి సాగించువారికి ఆ కుక్క రాత్రి కావలి, పగలు ఒక పూట కూర.

వేట యనునది ఒక్క పని కాదు. వెదకుట, పొంచుట, తరుముట, పట్టుట, చంపుట, తినుట అని దానికి మెట్లున్నవి. తోడేటియందు ఇవి ఒకదానివెంట నొకటి వచ్చి భోజనముతో ముగియును. మనుష్యుడు తన అవసరమును బట్టి ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క మెట్టును పెంచి, మరియొకదానిని అణచెను. గొఱ్ఱెల మందను తోలు కుక్క పొంచును, తరుమును గాని చంపదు. పాయింటరు పక్షిని పసిగట్టి కదలక నిలుచును. టెర్రియరు కలుగులో దూరి ఎలుకను పట్టి విదిలించి చంపును. ఇట్లు ఏరి పెంచుటలో వేటకును ఆకలికిని గల ముడి సడలిపోయినది. కావుననే కడుపు నిండిన కుక్కయు తరుమును. పట్టినదానిని ఒకప్పుడు తినును, ఒకప్పుడు ఊరక వదలును. అది పాడుబుద్ధి కాదు, మనము కోరి పెంచిన విద్య.

నేడు ఆ విద్య మిగిలి, పని పోయినది. అంతకంటె ముఖ్యముగ, వేటాడబడు జంతువునకు చోటు పోయినది. యూసుఫ్‌గూడ, అమీర్‌పేట, పంజగుట్టలు ఒకప్పుడు నగరమునకు వెలుపలి ఊళ్ళు. నగరము పెరిగి ఆ గుట్టలను కమ్ముకొనగా, ఈ వైపున తునకగ మిగిలిన అడవి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము. 1998లో జాతీయోద్యానముగ ప్రకటింపబడిన ఈ వనము వైశాల్యము చదరపు కిలోమీటరున్నర యైన లేదు. నెమలి, అలుగు, ముళ్ళపంది, పునుగుపిల్లి అందు తలదాచుకొన్నవి. వనమునకు వెలుపల ఇండ్ల తోటలలోను, ఖాళీ స్థలములలోను ఉడుత, ముంగిస, తొండ, నేలపై గ్రుడ్లు పెట్టు తీతువు వంటివి బ్రదుకుచున్నవి. పూర్వము ఒక కుందేలు చచ్చినచో ప్రక్కగుట్టనుండి మరియొకటి వచ్చెడిది. నేడా ప్రక్కగుట్టపై భవనములున్నవి. అప్పటి ఒక చావును, ఇప్పటి ఒక చావును ఒకే త్రాసున తూచరాదు.

ఒక్క కుక్క ఏమి చేయగలదని తేలికగ తీసికొనువారికి న్యూజిలాండు కథ చెప్పవలసియున్నది. 1987లో అచ్చటి వైతంగి అడవిలో ఎగురలేని కివీ పక్షులను పరిశీలించుటకై 24 పక్షులకు చిన్న రేడియో యంత్రములు కట్టిరి. ఒకే ఒక జర్మను షెపర్డు కుక్క కొద్ది వారములలో వానిలో 13 పక్షులను చంపినది. ఆ అడవిలోని 900 కివీలలో 500 వరకు దానివాత పడియుండవచ్చునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మన దేశమున 2018లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో కుక్కల దాడికి గురియైన అడవి జంతుజాతులు 80 అని తేలినది. వానిలో 31 జాతులు నశించు ప్రమాదములో నున్నవి. వీధికుక్కలే ఇందుకు కారణమని కొందరందురు. కాని అలుగునకు వీధికుక్క, పెంపుడు కుక్క యను భేదము లేదు.

చట్టమును గూడ తెలిసికొనవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేట యను మాటకు అర్థము చెప్పుచు, చంపుట, పట్టుటలతోబాటు తరుముటను గూడ చేర్చినది. కాబట్టి కుందేటిపైకి కుక్కను ఉసిగొల్పి వినోదము చూచుట నేరము. కుక్కకును ఈ వేట క్షేమము కాదు. మందు తిన్న ఎలుకను తిని కుక్క చచ్చుట కలదు. ఎలుకల మూత్రము వలన వచ్చు ఎలుకజ్వరము కుక్కకును, దానినుండి ఇంటివారికిని సోకవచ్చును.

చేయవలసినది కష్టమైనది కాదు. చిన్న జంతువులు మేతకు వెలువడు తెల్లవారుజామునను, సందెవేళను కుక్కను గొలుసుతోనే త్రిప్పవలెను. పక్షులు నేలపై పొదుగు ఎండకాలమున ఖాళీ స్థలములలో విడువరాదు. పిలిచిన వెంటనే వచ్చుట, నోట పట్టినది వదలుట పిల్లనాడే నేర్పవలెను. బాతును ముట్టకుండ జోనంగికి నేర్పినవారు పెద్ద చదువులు చదివినవారు కారు.

నన్నయగారి భారతమున జనమేజయుని యజ్ఞశాలకు ఆడుకొనుచు వచ్చిన కుక్కపిల్లను ఆ రాజు తమ్ములు ఊరక కొట్టిరి. దాని తల్లి సరమ వచ్చి, తప్పు చేయని నా బిడ్డనేల కొట్టించితిరని రాజసభలో నిలదీసెను. వంశ వంశములుగ వేట నేర్పి, గొలుసు విప్పి వదలి, ఉడుతను పట్టినదని మనము కుక్కను కొట్టునప్పుడు సరమ మనలను గూడ అదియే అడుగును. ఉడుతకు అడుగుటకు నోరైనను లేదు. ఈ రెంటి తరఫునను ఆలోచింపవలసినవాడు గొలుసు చేతబట్టిన యజమాని.